పిల్లలు లేస్తారని

మా కాలేజీకి వరద రావాలంటే ముందు ముఖ్య అతిథి రావాలి. ఆయన కారు దిగి, పూలగుత్తి అందుకుని, కుర్చీలో సర్దుకుని కూర్చున్నాక ప్రిన్సిపాల్ గారు సైరన్ మోగిస్తారు. అప్పుడు వరద వచ్చినట్టు లెక్క. ఒకసారి అతిథి బాగా ఆలస్యమైతే మేమంతా గదుల గుమ్మాల్లో నిలబడి, వరద ఇంకా రాలేదేమిటని చేతి గడియారాలు చూసుకున్నాం.

ఆ ప్రిన్సిపాల్ గారు మా అక్క మొగుడు. నాకు బావ. నేను అదే కాలేజీలో లైబ్రరీ చూస్తాను. ఉద్యోగం బావే ఇప్పించాడని అందరూ అనుకుంటారు. నిజానికి నేను చేరిన చాలా కాలానికి ఆయన బదిలీ మీద వచ్చాడు. ఆ లెక్కన ఆయనకు నేను ఇప్పించి ఉండాలి. ఈ మాట ఆయన ముందే అంటాను. మరదల్ని, ఆ మాత్రం హక్కుంది. కాలేజీ గేటు దాటి లోపలికొస్తే మాత్రం ‘బావా’ అనకూడదు, ‘సార్’ అనాలి. అది మా ఇద్దరి మధ్య ఒప్పందం. దాన్ని ఒకే ఒక్కసారి తప్పాను.

మా కాలేజీ రెండు కొండల మధ్య పల్లంలో ఉంది. పూర్వం అక్కడొక వాగు పారేదట. వాగు మీద రాతిపలకలు పరిచి, ఆ పల్లంలోనే చుట్టూ మెట్లు కట్టి, అడుగున వేదిక వేసి, ఆరుబయట థియేటర్ అన్నారు. కట్టినవాళ్లు వాగుని అడగలేదు. కొండల మీద గట్టి వాన పడితే ఇక్కడ ఎండ కాస్తుండగానే నీళ్లు వచ్చి పడతాయి. కొన్నేళ్ల కిందట అలాగే వచ్చి సైకిల్ షెడ్డునీ, అందులో ఉన్న బావ స్కూటర్నీ పట్టుకుపోయాయి. మనుషులకేమీ కాలేదు. స్కూటర్ మాత్రం మళ్లీ కనపడలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు. బావ ఆ ఆకుల కోసం ఒక కమిటీ వేశాడు.

కమిటీ కూర్చుని, ఏటా ఒక డ్రిల్ జరపాలని తీర్మానించింది. సైరన్ మోగగానే ఎక్కడి వాళ్లక్కడ గదులకు తాళాలు వేసుకుని బయటికి రావాలి. వచ్చి థియేటర్లో చేరాలి. పసుపు జాకెట్లు తొడుక్కున్న విద్యార్థులు మా చుట్టూ తాడు పట్టుకుని నిలబడతారు. తలలు లెక్కపెట్టడం పూర్తయ్యేదాకా ఎవరూ తాడు దాటకూడదు.

మొదటి ఏడే నేను బావని అడిగాను. నీళ్లు పల్లానికి పోతాయి కదా, మరి మనమూ పల్లానికే ఎందుకు పోతున్నాం అని. బావ నావైపు జాలిగా చూశాడు. పైన మైదానంలో నిలబెడితే వెనక వరసవాళ్లు ఫోటోలో పడరట. థియేటర్ మెట్ల మీదైతే అందరి ముఖాలూ కనిపిస్తాయట. పైగా బ్యానర్ కట్టడానికి అక్కడ స్తంభాలున్నాయట. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి మా బావ. నాలుగో కాలు చూపిస్తే అది తోక అంటాడు.

డ్రిల్‌లో అందరికీ వేషాలుంటాయి. కొందరు గాయపడతారు, కొందరు మోసుకెళతారు. ఎర్రరంగు పూసిన కట్లు ముందురోజే తయారవుతాయి. మునిగిపోయే వేషం మాత్రం ప్రతి ఏడూ కెమిస్ట్రీ మాస్టారిదే. ఆయన భారీ మనిషి. వేదిక పక్కన చివరి మెట్టు మీద కళ్లు మూసుకుని, నోరు కొంచెం తెరిచి, ఎంత సహజంగా పడుకుంటారంటే, మొదటి ఏడు ముఖ్య అతిథి నిజంగానే భయపడి లేచి నిలబడ్డారు. స్ట్రెచర్ మీద ఆయన్ని మోయడానికి ఆరుగురు కావాలి. పైమెట్టు దాకా ఎత్తేసరికి ఆ ఆరుగురికీ కట్లు కట్టాల్సి వస్తుంది. విద్యార్థులు ఆయనకు మునిగిన మాస్టారని పేరు పెట్టారు. ఆయనేమీ అనుకోలేదు. నిండా మునిగినవాడికి చలేమిటి అని నవ్వేసేవారు.

బావకు ఒక్కటే దిగులు. ఇది ఉత్తుత్తిదే కదా అని జనం నవ్వుతూ నడుస్తున్నారట, పరుగెత్తడం లేదట. అందుకని మైకులో మొదటిమాటగా ‘ఇది డ్రిల్ కాదు’ అనడం మొదలుపెట్టాడు. గొంతు కాస్త వణికించి మరీ అనేవాడు. ఆ ఏడు కొందరు నిజంగానే పరుగెత్తారు. మరుసటి ఏడు నవ్వారు. ఆపై ఏడు, బావ నోరు తెరవకముందే విద్యార్థులంతా కలిసి ఆ మాట అనేశారు. ఇది డ్రిల్ కాదు అంటే డ్రిల్ మొదలైందని మా అందరికీ బాగా తెలిసిపోయింది.

ఇక పిల్లల సంగతి. కాలేజీలో పనిచేసేవాళ్ల పసిపిల్లలకి ఒక క్రెష్ ఉంది. దాన్ని మా అక్క నడుపుతుంది, ఒక ఆయా తోడు. నా కూతురూ అందులోనే ఉంటుంది, ఇంకా మూడేళ్లు నిండలేదు. మొదట్లో క్రెష్ పై అంతస్తులో ఉండేది. గోల ఎక్కువైందని పాఠాలు చెప్పేవాళ్లు ఫిర్యాదు చేస్తే ఆఫీసు భవనం కింద సెల్లార్‌లోకి దింపారు. మొదటి డ్రిల్‌కి పిల్లల్ని కూడా థియేటర్‌కి తీసుకొచ్చారు. సైరన్‌కి జడిసి అందరూ ఒక్కసారిగా ఏడ్చారు. ఒక బుడ్డోడు ముఖ్య అతిథి బూటు మీద ఒంటికి పోశాడు. ఆ ఫోటో కూడా వచ్చింది. ఆ రోజుతో క్రెష్‌కి డ్రిల్ నుంచి మినహాయింపు దొరికింది. అంతటితో ఆగినా బాగుండేది. మధ్యాహ్నం నిద్రలో పిల్లలు ఉలిక్కిపడుతున్నారని బావ సెల్లార్‌లో ఉన్న సైరన్ పెట్టెని కూడా ఊడదీయించాడు. అందరం మెచ్చుకున్నాం. పసిపిల్లల గురించి ఎంత ఆలోచించాడో అనుకున్నాం. నేనూ అనుకున్నాను.

ఆ రోజు మధ్యాహ్నం సైరన్ మోగినప్పుడు కాలేజీ మీద సన్నగా తుంపర పడుతోంది, అంతే. కొండల వైపు మాత్రం ఆకాశం నల్లగా ఉంది. సంవత్సరపు డ్రిల్‌కి ఇంకా చాలా రోజులున్నాయి. ముందు చెప్పకుండా పెట్టినట్టున్నారని అందరూ గొణుక్కుంటూ గదులకు తాళాలు వేసుకున్నారు. నేను లైబ్రరీ ఫ్యాన్లు ఆపి, కిటికీలు మూసి, తాపీగా గొడుగు తీసుకుని బయల్దేరాను. నేను వెళ్లేసరికి మెట్లన్నీ నిండిపోయాయి. ఎవరో ముందు వరసలో ముఖ్య అతిథికి కుర్చీ కూడా వేశారు. ఈసారి అతిథి ఎవరని ఒకరినొకరు అడుగుతున్నారు. మునిగిన మాస్టారు తన చోట తను పడుకుని, ముఖం మీద తుంపర పడకుండా రుమాలు కప్పుకున్నారు.

వేదిక మీద బావ మైకు పట్టుకుని ఉన్నాడు. “ఇది డ్రిల్ కాదు,” అన్నాడు.

అందరూ చప్పట్లు కొట్టారు.

బావ మళ్లీ అన్నాడు. కొండల అవతల వాన కుంభవృష్టిగా పడుతోందనీ, నీళ్లు ఇటే వస్తున్నాయని కబురు వచ్చిందనీ చెప్పాడు. గొంతు వణికింది. ఈసారి బాగా వణికిస్తున్నారని నా పక్కనున్నావిడ మెచ్చుకుంది. నేను మాత్రం బావ ఒంటిమీద కోటు లేకపోవడం చూశాను. కోటు లేకుండా ఆయన మైకు ముందుకి రాడు. ఎండాకాలంలో ఉక్కపోసి స్పృహ తప్పేలా ఉన్నప్పుడు కూడా గుండీలు పెట్టుకునే మాట్లాడాడు. ఇప్పుడు చొక్కా ఒకవైపు బయటికి వేలాడుతోంది, కాళ్లకి చెప్పులు సరిగా తొడుక్కోలేదు. ఆయన్ని నేను పెళ్లిపీటల మీద నుంచీ ఎరుగుదును. అది నిజమైన భయం. సెల్లార్‌లో నా కూతురుంది.

పైకి వెళ్లబోయాను. పసుపు జాకెట్టు అమ్మాయి తాడు బిగించి పట్టుకుంది. తలలు లెక్కపెట్టడం కాలేదు, కదలకూడదంది. ఆమె తప్పేమీ లేదు. మేం నేర్పిందే చేస్తోంది. పోయినసారి తాడు దాటబోయిన లెక్చరర్‌ని ఆపినందుకు ఆమెకు బహుమతి కూడా ఇచ్చాం. పెనుగులాడి లాభం లేదని వెనక్కి తిరిగి, కూర్చున్నవాళ్ల కాళ్లు తొక్కుకుంటూ మెట్లు దిగి, వేదిక ఎక్కి బావ చెయ్యి పట్టుకున్నాను. ఆ చేతిలోనే మైకు ఉంది.

“బావా, పాప సెల్లార్‌లో ఉంది,” అన్నాను.

ఆ మాట నాలుగు స్పీకర్లలోంచి కొండల దాకా వెళ్లింది. జనంలో నవ్వు ఆగిపోయింది.

“క్రెష్ డ్రిల్‌లో లేదు కదా,” అన్నాడు బావ. తనేమంటున్నాడో తనకే తెలిసినట్టు లేదు. “వాళ్లు పడుకుని ఉంటారు.”

“అక్క కూడా అక్కడే ఉంది బావా. వాళ్లకి సైరన్ వినపడదు. నువ్వే తీయించావు.”

అన్నేళ్లుగా సైరన్ చేయలేని పని మా ఇంటి గొడవ చేసింది. ప్రిన్సిపాల్‌ని కాలేజీలో బావా అని పిలవడం, నువ్వనడం, లైబ్రరీ మేడమ్ ఏడవడం — ఇవేవీ డ్రిల్‌లో లేవని అందరికీ తెలుసు. ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. అప్పుడే వేదిక కింద రాతిపలకల సందుల్లోంచి నీళ్లు బుగ్గల్లా పైకి తన్నాయి. మునిగిన మాస్టారు కళ్లు తెరవకుండానే, ఈసారి నీళ్లు కూడా పెట్టారే, బాగుంది అన్నారు. ఆ నీళ్లు చెవిలోకి పోగానే లేచి కూర్చున్నారు. శవం లేచి పరుగెత్తడం చూశాక ఇక ఎవరికీ అనుమానం మిగల్లేదు. తాడు పట్టుకున్నవాళ్లు తాడు వదిలేశారు. “పైకి వెళ్లండి, అందరూ పైకి” అని బావ అరుస్తుండగా నేను భవనం వైపు పరుగెత్తాను.

ఆఫీసు భవనం వాలు మీద కట్టింది. సెల్లార్ వెనక తలుపు థియేటర్ వైపే తెరుచుకుంటుంది. లోపలి నడవాలో అప్పటికే మోకాలి లోతు నీళ్లున్నాయి. క్రెష్ గది నడవాకన్నా రెండు మెట్లు పల్లం. తలుపు తోశాను, రాలేదు. భుజంతో గుద్దాను. తలుపుకున్న అద్దంలోంచి చూస్తే లోపల నడుము లోతు బురదనీళ్లు. వాటిమీద పరుపులు తేలుతున్నాయి. బుల్లి కుర్చీలు తేలుతున్నాయి. పిల్లల చెప్పులన్నీ తేలుతున్నాయి. పొద్దున నేను పట్టీలు బిగించి తొడిగిన ఎర్రచెప్పులు కూడా వాటిలో ఉన్నాయి.

చెప్పులు ఇక్కడుంటే పిల్లలు కూడా ఇక్కడే ఉన్నారనుకున్నాను. ఆ కాసేపు నేనేం అరిచానో నాకు తెలీదు. అరిచానని గొంతు బొంగురుపోయాక తెలిసింది. అప్పుడు పైనెక్కడో ట్రింగుమని గంట మోగింది. ఆగకుండా మోగుతూనే ఉంది. అది నాకు తెలిసిన గంటే. బావ బల్ల మీద ఉండే గంట. అటెండర్‌ని పిలవడానికి ఆయన తప్ప ఎవరూ ముట్టుకోకూడనిది.

మెట్లన్నీ ఎలా ఎక్కానో, వెళ్లేసరికి ప్రిన్సిపాల్ గది బార్లా తెరిచి ఉంది. చెప్పులు బయట విప్పి, దగ్గి, పిలిచాక లోపలికి వెళ్లాల్సిన గది అది. దాని తివాచీ మీద డజను మంది పిల్లలు బురద కాళ్లతో ఎగురుతున్నారు. సోఫా మీద ఇద్దరు పడుకున్నారు. అతిథుల కోసం దాచిన బిస్కెట్ల డబ్బా ఖాళీ అయిపోయింది. మర్యాదస్తులు కూర్చునే మూలన ఒకడు ఒంటికి పోస్తున్నాడు. ఆయా అల్మరా పైన బావకొచ్చిన షీల్డులు పక్కకి జరిపి తడిబట్టలు ఆరేస్తోంది. తిరిగే కుర్చీలో మా అక్క కూర్చుని ఉంది. ఆమె ఒళ్లో నా కూతురు కూర్చుని గంట కొడుతోంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. పాపని గట్టిగా వాటేసుకుంటే, రైలు వెళ్లిపోతుంది, గంట కొట్టనీ అని నన్ను తోసేసింది.

జరిగిందంతా అక్క తర్వాత చెప్పింది. బాత్రూమ్ తూములోంచి నీళ్లు పైకొస్తుంటే ముందు ఎవరో కొళాయి వదిలేశారనుకుందట. ఆ నీళ్లలో ఎండుటాకులు కనపడగానే ఇక ఏమీ ఆలోచించలేదట. రైలాట ఆడదామని పిల్లల్ని లేపి, ఒకరి చొక్కా ఒకరిచేత పట్టించి, చంటివాళ్లని తను కొందరినీ ఆయా కొందరినీ ఎత్తుకుని పైకి నడిపించింది. కింది అంతస్తు గదులన్నీ తాళాలు వేసున్నాయి, డ్రిల్ నియమం ప్రకారం. పైన బావ గది తాళంచెవి మాత్రం తన దగ్గరున్న ఇంటి తాళాల గుత్తిలో ఉంది. చెప్పుల కోసం ఆగి ఉంటే ఏమయ్యేదో అంది. ఆమెకు ఎవరూ ఏ డ్రిల్లూ నేర్పలేదు. నీళ్లు వస్తే పైకెక్కాలని ఆమెకు తెలుసు. మిగతా అందరికీ కిందికి దిగడం నేర్పాం.

కొంతసేపటికి బావ వచ్చాడు. తల నుంచి కాళ్ల దాకా బురద. చేతిలో ఇంకా ఆ వైర్లు లేని మైకు ఉంది. థియేటర్లో చివరివాడు పైకెక్కేదాకా అక్కడే నిలబడ్డాడట. కెమిస్ట్రీ మాస్టారిని పైకి తోసింది కూడా ఆయనేనట. ఆ మాట ఒప్పుకోవాలి. గుమ్మంలో ఆగి తివాచీనీ, పిల్లల్నీ, తన కుర్చీలో ఉన్న పెళ్లాన్నీ చూసి, గోడకి ఆనుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నాకూ ఏడుపొచ్చింది. అక్క మాత్రం ఏడవలేదు.

మా అక్క నోట్లో నాలుక లేని మనిషని అందరూ అంటారు. ఆమె మెల్లగా అడిగింది. “సైరన్ మోగించాక ఎటునుంచి వెళ్లారు?”

“వెనక మెట్ల మీంచి,” అన్నాడు బావ. “అదే దగ్గర దారి.”

“అంటే మా గుమ్మం ముందునుంచే వెళ్లారు.”

బావ తలూపాడు.

“తలుపు కొట్టలేదే?”

పాప గంట కొడుతూనే ఉంది.

“చప్పుడు చెయ్యకుండా వెళ్లాను,” అన్నాడు చివరికి. “చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాను. పిల్లలు లేస్తారని.”

అక్క ఏమీ అనలేదు. ఆ రోజు కాదు, తర్వాత కూడా అనలేదు. అనకపోవడం ఎంత పెద్ద శిక్షో బావ ముఖం చూసినవాళ్లకి తెలుస్తుంది.

వరద తీశాక యాజమాన్యం సభ పెట్టింది. ఒక్క ప్రాణం కూడా పోలేదు కాబట్టి ఏటేటా జరిపిన డ్రిల్లులు ఫలించినట్టేనని తేల్చారు. ముఖ్య అతిథి ఈసారి వేళకే వచ్చి, బావకి ఒక పెద్ద ఇత్తడి షీల్డు ఇచ్చారు. ముందుచూపుకి ఇచ్చారట. మునిగిన మాస్టారికి కూడా ఏదైనా ఇస్తే బాగుండేదని నేనన్నాను. అంత నటించి, అసలు వరద వచ్చిన రోజున మునగకుండా బయటపడ్డారు పాపం. బావ నవ్వలేదు. షీల్డు ఇంటికి తెచ్చి, దాన్నెక్కడ పెట్టాలో తెలియక బల్ల కింద పెట్టాడు.

మర్నాడు అక్క దాన్ని క్రెష్‌కి తీసుకెళ్లింది. క్రెష్ ఇప్పుడు పై అంతస్తులోకి మారింది, ప్రిన్సిపాల్ గది పక్కనే. గోల గురించి ఫిర్యాదు చెయ్యడానికి ఎవరికీ నోరు రాలేదు. సైరన్ పెట్టె కూడా బిగించారు. గాలికి తలుపు మూసుకుపోతోందని అక్క ఆ షీల్డుని తలుపుకి అడ్డుపెట్టింది. బాగా బరువైంది, కదలదు. తలుపు రోజంతా తెరిచే ఉంటోంది.

బావ గదికి వెళ్లాలన్నా, గదిలోంచి రావాలన్నా ఆ తలుపు ముందునుంచే నడవాలి. ఈమధ్య ఆయన గట్టి అడుగున్న చెప్పులు కొన్నాడు. అక్కడికొచ్చేసరికి నడవా అంతా మోగేలా టపటపా నడుస్తున్నాడు, ఉత్తపుణ్యానికి దగ్గుతున్నాడు, తలుపు తెరిచే ఉన్నా దాని మీద వేళ్లతో కొడుతున్నాడు. మధ్యాహ్నం అప్పుడే కన్ను మూసిన పిల్లలందరూ లేచి కూర్చుంటున్నారు. ఇలాగైతే ఎలా పడుకోబెట్టేదని ఆయా విసుక్కుంటే, లేవనీలే అంటుంది అక్క.